ముందు నీ వైపు మాట

బడి, కుట్టు గది
సోమవారం

పూజ్యురాలైన వదినగారికి, నమస్కారాలు.

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరికేమైందో అని కంగారుపడకండి. ఇక్కడ అందరం క్షేమం. శుక్రవారం నాడు పదమూడేళ్ళ పిల్ల ఒకతె నన్నొక మాట అడిగింది. ఆ మాట మూడు రోజులుగా ప్రార్థనలో కూడా నన్ను వదలడం లేదు. అందుకే కలం పట్టాను.

నేనింకా ఈ బడిలోనే కుట్టుపని నేర్పుతున్నాను. కిందటేడు మా ఊళ్ళో పైవీధికీ కాలవ వీధికీ పెద్ద గొడవైంది. కొట్ల అద్దాలు పగిలాయి. బడి వారం రోజులు మూసేశారు. తెరిచాక పిల్లలు కొట్టుకోవడం లేదు గానీ, పైవీధి వాళ్ళంతా కిటికీల వైపు, కాలవ వీధి వాళ్ళంతా తలుపు వైపు కూర్చుంటున్నారు. వారానికో గంట శాంతి పాఠం చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లెక్కల మాస్టారు "నాకు సిలబస్ అవలేదు" అన్నారు. సైన్సు టీచరు "ముందు నాకుంటే కదా శాంతి" అంది. పెద్ద టీచరమ్మ అందర్నీ చూసి నా దగ్గర ఆగారు. "మీరు గట్టిగా మాట్లాడగా ఇన్నేళ్ళలో ఎవరూ వినలేదు. ఈ పాఠానికి మీరే తగినవారు" అన్నారు.

నేనూ అదే అనుకున్నాను. మొదటి గంట నలభైమంది పిల్లల్నీ కళ్ళు మూసుకుని కూర్చోమన్నాను. చీమ చిటుక్కుమంటే వినిపించేటంత నిశ్శబ్దం. ఎంత బాగా కుదిరిందో అని దేవుడికి దండం పెట్టుకున్నాను. గంట కొట్టాక, కాలవ వీధి నుంచి వచ్చే కళ్ళజోడు పిల్ల లేచింది.

"అమ్మా, మేం కొట్టుకోవడం ఎప్పుడో మానేశాం. మాట్లాడుకోవడం కూడా మానేశాం. నోరు మూసుకుని కూర్చోవడం మాకొచ్చు కదా, మళ్ళీ అదే నేర్పుతారేంటి?" అంది.

ఎందుకో మీరే గుర్తొచ్చారు. అమ్మ ఆఖరి రోజుల్లో మీరు నాకు కబురు చేయలేదు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ వారం మీ గుమ్మం దిగినదాన్ని మళ్ళీ ఎక్కలేదు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మంచితనమనుకున్నాను. రోజూ పొద్దున్నే ప్రార్థనలో మీ పేరు చెప్పుకుని, క్షమించేశాననుకున్నాను. తొమ్మిదేళ్ళుగా మీ గురించి దేవుడికి చెప్పుకున్నాను గానీ మీకు చెప్పలేదు.

ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. అన్నయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మీ ఆడపడుచు



ఇల్లు, వంటగది
శుక్రవారం

బుల్లీ,

నేనెప్పట్నుంచి 'గారు' అయ్యాను? పూజ్యురాలినట! ఆ మొదటి వరస చదివి మీ అన్నయ్య, ఏదో ఆఫీసు కాగితం అనుకుని, "నీకేమైనా సన్మానం చేస్తారా?" అని అడిగారు. తిట్టదలుచుకుంటే 'నువ్వు' అనే తిట్టు. ఈ మర్యాద నా ఒంటికి పడదు.

నన్ను క్షమించేశావన్నమాట. సంతోషం. నేనడిగానా? తొమ్మిదేళ్ళు దేవుడి దగ్గర నా మీద ఫిర్యాదులు పెట్టుకున్నావు. ఒక్కసారైనా నన్ను పిలిచి, నువ్వేమంటావని అడిగావా? దొంగతనం చేసినవాడికి కూడా కోర్టులో ఆ పాటి మర్యాద జరుగుతుంది.

మీ అన్నయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లు దిగుతుంటే రెండూ కటకటమని కబుర్లు చెప్పుకుంటాయి. ఈ ఇంట్లో అంత బాగా మాట్లాడుకునేవి అవే.

ఆ కళ్ళజోడు పిల్లకి ఏం జవాబు చెప్పావో రాయి. ఆ పిల్ల నాకు నచ్చింది.

వదిన



బడి, కుట్టు గది
బుధవారం

వదినా,

నెల ఆలస్యంగానైనా, 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత కళ్ళ నీళ్ళొచ్చాయి. తిట్టినందుకే నీకు సగం రుణపడ్డాను.

కళ్ళజోడు పిల్లకి, "నాకూ తెలియదమ్మా, నేర్చుకుని వస్తాను" అన్నాను. నిజంగానే మూడు రోజులు శిక్షణకి పంపించారు. అక్కడ చెప్పినావిడ పూర్వం ఆసుపత్రిలో నర్సట. గొంతు గరగర, మాట మాత్రం సూటి. "గొడవ లేకపోవడాన్ని శాంతి అనుకోకండి. పుండు మీద కట్టు కట్టి లోపల చీము వదిలేసినట్టుంటుంది. మనిషిని గాయపరచకుండా గొడవని చివరిదాకా మాట్లాడటం పిల్లలకి రావాలి. మీ పాఠం ఉద్దేశం అదీ" అంది. ఎలా నేర్పాలండీ అని అడిగితే, "ఉపన్యాసాలివ్వకండి. ఇద్దరు కలిస్తే తప్ప తెమలని పని ఒకటి పెట్టండి. గొడవ దానంతటదే వస్తుంది. అప్పుడు నేర్పండి" అంది.

మా గదిలో చేత్తో తిప్పే పాత కుట్టు మిషన్లు ఎనిమిదున్నాయి. ఇప్పటిదాకా ఒక్కో పిల్ల కుడిచేత్తో చక్రం తిప్పుకుంటూ ఎడమచేత్తో గుడ్డ జరుపుకునేది. ఇప్పుడు వంతులవారీగా మిషనుకి ఇద్దర్ని కూర్చోబెట్టాను. చక్రం తిప్పేది కిటికీ వైపు పిల్లయితే గుడ్డ పట్టుకునేది తలుపు వైపు పిల్ల. తిప్పే చెయ్యి జోరైతే గుడ్డ వంకరపోతుంది. గుడ్డ లాగితే సూది విరుగుతుంది. మొదటి రోజే పదకొండు సూదులు పోయాయి. నర్సమ్మ చెప్పినట్టే గొడవ మా గది వెతుక్కుంటూ వచ్చింది.

కళ్ళజోడుకి జతగా పైవీధి పిల్ల, పొడుగు జడ. కిందటేడు ఆ పిల్ల వాళ్ళ నాన్న కొట్టుకే అద్దాలు పగిలాయి. నర్సమ్మ నేర్పిన నియమం ఒకటి పెట్టాను. నీ మాట చెప్పేముందు ఎదుటి మనిషి మాట నువ్వు చెప్పాలి. ఆ మనిషి "అవును, అదే" అనేదాకా నీ వంతు రాదు.

"దానికి పొగరు, అందుకే జోరుగా తిప్పింది" అంది పొడుగు జడ.

"అది తన మాట కాదమ్మా, తన మీద నీ మాట" అన్నాను.

"మరి దాని మాట నాకేం తెలుసు?"

"అడుగు."

అడగడానికి రెండు వారాలు పట్టింది. అడిగితే బయటపడింది. అద్దాలు పగిలిన రోజున కళ్ళజోడు వాళ్ళ అన్న ఇంట్లోనే ఉన్నాడట. అయినా పొడుగు జడ నాన్న వేలు పెట్టి చూపిస్తే పోలీసులు పట్టుకెళ్ళి మూడు రోజులు స్టేషన్లో ఉంచారట. పొడుగు జడ ఆ మాటని తిరిగి చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆగిపోయింది. నాలుగోసారి చెప్పింది. కళ్ళజోడు తల వంచుకుని, "అవును, అదే" అంది. వాళ్ళు స్నేహితులైపోయారని చెప్పను. మర్నాడు కలిసి ఒక సంచీ కుట్టారు. వంకరదే, కానీ పూర్తయింది.

వదినా, పిల్లలకి పెట్టిన నియమం నేను పాటించొద్దా? నీ వైపు మాట చెప్తాను, విను. అమ్మకి ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఇల్లు, మందులు, అన్నయ్య డ్యూటీ, అన్నీ నీ నెత్తిమీదే. కబురు చేద్దామనుకునేలోపే చెయ్యి దాటిపోయింది. నేను కంగారుపడి ఒంటరిగా ప్రయాణం చేస్తానని కూడా జంకావు. ఇదేనా?

బుల్లి



ఇల్లు, వంటగది
ఆదివారం

బుల్లీ,

కాదు. అది కాదు.

నువ్వు నాకోసం మంచి రవిక కుట్టి తెచ్చినట్టు, మంచి మాటలు కుట్టి తెచ్చావు. తొడుక్కుంటే హాయిగానే ఉంటుంది. కానీ నీ నియమం ప్రకారం 'అదే' అని నేను అనకూడదు కదా. నాలుగు రోజులు ఆలోచించాను, అబద్ధానికి ఒప్పేసుకుని ఊరుకుందామా అని. ఆ పొడుగు జడ పిల్ల నాలుగోసారి చెప్పిందన్నావే, అక్కడ సిగ్గేసింది.

విను. డాక్టరు సోమవారమే చెప్పాడు. "ఈ వారం దాటదు, పిలవాల్సినవాళ్ళని పిలిపించండి" అన్నాడు. ఫోను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. నేను చేయలేదు. మీ అన్నయ్య అడిగితే, "చెప్పాను, వస్తానంది" అన్నాను. మరిచిపోయి కాదు, తీరిక లేక కాదు. కావాలని.

ఎందుకో చెప్తాను. పదకొండేళ్ళు అత్తయ్య మంచం నేనే చూసుకున్నాను. దుప్పట్లు, పాత్రలు, పళ్ళెంలో కలిపి ముద్ద పెట్టడం, అన్నీ. నువ్వు రెండు నెలలకోసారి వచ్చి అరగంట ఆవిడ తల దువ్వేదానివి. "బుల్లి దువ్వితే తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది" అనేది. నువ్వెళ్ళాక నాలుగు రోజులదాకా ఆ జడ నన్ను తాకనిచ్చేది కాదు, చెదిరిపోతుందని. నేను నవ్వేసేదాన్ని. లోపల కడుపు మండేది. ఆఖరి వారమైనా ఆవిడ నాది కావాలనుకున్నాను. ఆ నాలుగు రోజులూ తల నేనే దువ్వాను.

ఇంకొకటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు. గురువారం సాయంత్రం ఆవిడకి చూపు ఆనలేదు. చెయ్యి గాల్లో వెతుక్కుంటూ "బుల్లీ, వచ్చావా?" అంది. ఒక్క క్షణం గుండె రాయి చేసుకుందామనుకున్నాను. అంత చేసినా నీ పేరే. తర్వాత ఆ చెయ్యి పట్టుకున్నాను. "ఆఁ, వచ్చానమ్మా" అన్నాను, నీ గొంతులాగా మెల్లగా. "ఇంక వెళ్ళకు" అంది. "వెళ్ళను" అన్నాను. ఇంకో అరగంటకి పోయింది.

నీ అమ్మని నీకు కాకుండా చేశాను. నీ పేరు కూడా నేనే తీసుకున్నాను. ఇదీ నా వైపు మాట. ఇప్పుడు చెప్పు, ఈ మనిషిని క్షమించావా?

వదిన



బడి, కుట్టు గది
ఇరవై రోజుల తర్వాత

వదినా,

ఇన్నాళ్ళు రాయలేదని కోపమనుకుని ఉంటావు. కోపం కాదు. నువ్వంత నిజం రాశాక, నేను రాయబోయేదానికి చెయ్యి ఆడలేదు.

ముందు నీ మాట. నువ్వు అలిసిపోయావు. చేసిందంతా నువ్వు, మెప్పంతా నాది. ఆ నాలుగు రోజులైనా అమ్మ దగ్గర నీ చెయ్యి ఒక్కటే ఉండాలనుకున్నావు. ఆఖరికి అమ్మ నన్ను పిలిస్తే, మనసు కష్టపెట్టుకుని కూడా, నువ్వే పలికావు. ఇదైనా సరిగ్గా చెప్పానా?

నా పేరు తీసుకున్నానన్నావు. వదినా, నా ప్రాణం లేచి వచ్చింది ఆ మాట చదివి. తొమ్మిదేళ్ళుగా నన్ను తినేసిన ప్రశ్న ఒక్కటే, అమ్మ నన్ను పిలిచిందా, పిలిచి జవాబు రాకుండానే కన్నుమూసిందా అని. జవాబు ఉందన్నమాట. నేను లేని చోట నాకు బదులు పలికావు. నీకు రెండు చేతులెత్తి దండం పెట్టాను, నిజంగా, మిషను దగ్గర నిలబడి. పిల్లలు నవ్వారు.

ఇక నేను దాచింది. నాకు తెలుసు. బుధవారం మధ్యాహ్నం అన్నయ్య తన ఆఫీసు నుంచి బడికి ఫోన్ చేశాడు. "బయల్దేరావా? వదిన చెప్పిందిగా" అన్నాడు. చెప్పలేదన్నాను. "సరే, ఇప్పుడు రా" అన్నాడు. మూడు గంటలకి బస్సుంది. ఎక్కితే చీకటి పడకముందే అమ్మ దగ్గర ఉండేదాన్ని.

ఎక్కలేదు. మర్నాడు పిల్లల కుట్టు ప్రదర్శన ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అంతకు ముందుసారి నేనొచ్చినప్పుడు అమ్మకి మంచంలోనే శుభ్రం చేయాల్సి వచ్చింది, గుర్తుందా? నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. నువ్వు ఒక్క మాటనకుండా అంతా చేసి, చేతులు కడుక్కుని, నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చావు. మళ్ళీ దాన్ని చూడలేననిపించింది. బస్సెక్కే బదులు కూర్చుని ప్రార్థన చేశాను. శుక్రవారం వచ్చాను.

అన్నయ్యతో, "నాకు ఫోన్ చేసినట్టు వదినకి చెప్పకు" అన్నాను. వచ్చినవాళ్ళందరి ముందూ, "నాకెవరూ చెప్పలేదు" అన్నాను. గట్టిగా అనలేదు, మెల్లగా అన్నాను. మెల్లగా అన్న మాటని అందరూ నమ్ముతారు వదినా. అందరూ నిన్నే చూశారు. నేను చూడనిచ్చాను.

శాంతి పాఠానికి నేనే తగినదాన్నన్నారు. నా నెమ్మదితనంతో నేను చేసిన పని ఇదీ.

బుల్లి



ఇల్లు, వంటగది
నెలాఖరు, మంగళవారం

బుల్లీ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టబోయాను. మీ అన్నయ్య చేతిలోంచి లాక్కున్నారు.

తొమ్మిదేళ్ళు! ఏ పెళ్ళికెళ్ళినా, "కన్నకూతురికి కడచూపు దక్కకుండా చేసిన మహాతల్లి" అని నా వెనక గుసగుస. నేను తల దించుకుని, తప్పు చేశాను కనక పడాలి అనుకున్నాను. నువ్వేమో అక్కడ ప్రార్థన చేసుకుంటున్నావు!

మీ అన్నయ్యని నిలబెట్టి అడిగాను. "మీకు తెలుసా?"

"తెలుసు."

"ఇద్దరి సంగతీ?"

"ఇద్దరిదీ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నీది బయటపెడితే బుల్లి పోతుంది, దానిది బయటపెడితే నువ్వు పోతావు. నాకు ఇద్దరూ కావాలి. అందుకని ఊరుకున్నాను."

"ఊరుకుని ఇద్దర్నీ దక్కించుకున్నారా?" అన్నాను.

"లేదు" అని, ఆ మనిషి గోడ వైపు తిరిగి ఏడ్చారు. ముప్ఫైనాలుగేళ్ళ కాపురంలో నేను చూడటం అదే మొదటిసారి. శాంతి పాఠం పెద్దవాళ్ళకి కూడా పెట్టమని మీ టీచరమ్మకి చెప్పు. మొదటి బెంచీలో మీ అన్నయ్యని కూర్చోబెడతాను.

సరే, నియమం నియమమే. నీ వైపు మాట చెప్తాను. నీకు భయమేసింది. భయం కన్నా సిగ్గు ఎక్కువ. నేను చేయగలిగింది, కడుపున పుట్టిన నువ్వు చేయలేకపోయావని. ఆ సిగ్గు మీద కప్పడానికి నా తప్పు నీకు దుప్పటిలా పనికొచ్చింది. అది తీస్తే చలేస్తుందని తొమ్మిదేళ్ళు కప్పుకునే ఉన్నావు. ఇదేనా?

నాకింకా కోపం పోలేదు. పోయాక వద్దామనుకుంటే ఇంకో తొమ్మిదేళ్ళు పడుతుంది, అన్నేళ్ళు ఉంటామో లేదో. అందుకని కోపంతోనే వస్తున్నాను. శనివారం పదకొండు గంటల బస్సు. జవాబు ఎదురుగా చెప్పు, రాయకు.

వదిన



బడి, కుట్టు గది
బుధవారం

వదినా,

నువ్వు క్షేమంగా చేరావని అన్నయ్య ఫోన్ చేశాడు. ఫోనులో ఈసారి అరగంట మాట్లాడాడు. వాడికి అన్ని మాటలొచ్చని తెలియదు నాకు.

నువ్వెళ్ళినప్పటినుంచీ ఆ శనివారమే కళ్ళముందు మెదులుతోంది. బస్సు దిగీ దిగగానే, సంచీ కూడా కింద పెట్టకుండా, "అదేనా?" అన్నావు. "అవును, అదే" అన్నాను. అంతే, ఇంటికి చేరేదాకా నువ్వు మాట్లాడలేదు. తలుపు వేశాక మొదలుపెట్టావు. నువ్వు కడుపులో ఉన్నదంతా కక్కేశావు. నేను మొదట నా అలవాటు ప్రకారం నేల చూస్తూ నిలబడ్డాను. "ఆ మొహం పెట్టకు! కేకలెయ్యి! ఒక్కసారి నా మీద అరిచి చావు!" అన్నావు. అప్పుడు అరిచాను. అమ్మ జడ గురించి, నువ్వు చేయని ఫోను గురించి. నా గొంతు అంత పెద్దదని యాభై ఏళ్ళకి తెలిసింది. పక్కింటావిడ వచ్చి తలుపు తట్టి, "ఏమైనా సాయం కావాలా?" అంటే నువ్వు, "వద్దమ్మా, బాగానే జరుగుతోంది" అన్నావు చూడు, అక్కడ ఇద్దరికీ నవ్వాగలేదు.

ఈసారి సోమవారానికి జరిపిన శాంతి గంటకి నువ్వొచ్చి వెనక కూర్చున్నందుకు పిల్లలు ఇంకా నీ గురించే అడుగుతున్నారు. "ఆవిడెవరమ్మా?" అంటే, "మా వదిన" అన్నాను. పొడుగు జడ నీ దగ్గరికొచ్చి, "మీరిద్దరూ ఎప్పుడైనా గొడవపడ్డారా?" అని అడిగింది.

"మొన్న శనివారం."

"అయిపోయిందా?"

"ఇంకా లేదు. సగం మిగిలింది. వచ్చే నెల మళ్ళీ వస్తాను" అన్నావు.

ఆ పిల్ల, "మరి గొడవ ఉండగా కలిసి కూర్చోవచ్చా?" అంది. నేను మూడు నెలలుగా చెప్పలేకపోయిన పాఠం ఆ పిల్ల ఒక్క ప్రశ్నలో అడిగేసింది. నువ్వు పక్కకి జరిగి చోటిచ్చావు. అది కూర్చుంది. వదినా, నాకు చదువు తక్కువ, శిక్షణ మూడు రోజులు. ఆ జరగడం కన్నా బాగా నేర్పడం నాకు రాదు.

దేవుడికి ఇప్పుడు ఫిర్యాదులు చెప్పుకోవడం లేదు. పొద్దున్నే నీ పేరు తలుచుకుని, ఈ వదిననిచ్చావు, చాలు అనుకుంటున్నాను. నీకూ దండం పెట్టుకుంటున్నాను, 'కాదు' అన్నందుకు, నా మంచి మాటల్ని తిప్పి కొట్టినందుకు, కోపంతోనైనా బస్సెక్కినందుకు. నేను ఎక్కలేకపోయిన బస్సు అది.

ఒక్క మనవి. పెద్ద టీచరమ్మ నిన్న పిలిచి, శాంతి పాఠం వల్ల ఏం మారిందో రాసివ్వమన్నారు. పుస్తకంగా వేస్తారట. "నిజంగా జరిగింది ఏదైనా రాయండి" అన్నారు. పిల్లల సంగతి, వాళ్ళనడిగి, వాళ్ళు సరేనన్నంతవరకు రాసిచ్చాను. మన సంగతి రాయలేదు. ఎవరు చదివినా ముందు వెతికేది తప్పు ఎవరిదని. వదినదంటారు, లేదా ఆడపడుచుదంటారు. ఒకళ్ళని నిలబెట్టి ఒకళ్ళని కూర్చోబెడతారు. మనకి ఆ తీర్పు అక్కర్లేదు. మనకి తెలుసు.

అలాగని చింపేయకు. పొయ్యిలోనూ పెట్టకు. రేపెప్పుడైనా మళ్ళీ నేను మెల్లగా, మర్యాదగా అబద్ధం చెప్పబోతే, తీసి నాకే చదివి వినిపించు. నీవి నా దగ్గరున్నాయి, బట్టల పెట్టె అడుగున. నావి నువ్వు దాచు వదినా. ఎవరికీ చూపించకు.

నీ బుల్లి